సర్దుతున్నా

లిఫ్టు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. అప్పటికి మూడు గంటలు కావడానికి సరిగ్గా రెండు నిమిషాలుంది. లోపల అద్దాలమ్మాయి ఒక్కతే ఉంది.

ఆమెను అద్దాలమ్మాయి అనడం ఆ వీధిలో అందరికీ అలవాటు. నాన్న నడిపే కళ్లద్దాల షాపులో కళ్లు పరీక్ష చేసేది ఆమే, అద్దాలు అరగదీసి ఫ్రేములో బిగించేదీ ఆమే. శనివారం సాయంత్రాలు మాత్రం ఈ బిల్డింగులో నాలుగో అంతస్తులో ఉన్న చదరంగం క్లబ్బులో ఉంటుంది. ఆ వేళ ఆదివారం. ఏడాదికోసారి జరిగే క్లబ్బు పోటీల్లో ఫైనల్. శనివారం ఆడేవాళ్లలో ఆమె ఫస్టు. ఆదివారం ఆడేవాళ్లలో ఎవరో కొత్తాయన ఫస్టు. ఆయన పేరు నోటీసు బోర్డు మీద చూసిందే తప్ప మొహం చూడలేదు.

తెల్ల పావులు ఆమెవి. మొదటి ఎత్తు ఆమెది. ఆటలో చెరో గడియారం కాబట్టి, మూడు కాగానే ముందు తిరిగేది ఆమె గడియారమే. మూడున్నరలోపు బల్ల ముందు కనబడకపోతే ఓడిపోయినట్టు. క్లబ్బు పెద్ద ఒక రిటైరైన లెక్కల మాస్టారు. రూలంటే రూలే అనే మనిషి. లిఫ్టు ఆగింది మాస్టారూ అంటే, మెట్లున్నాయి కదమ్మా అంటాడు.

ఆమె గంట నొక్కింది. తలుపు బాదింది. కాసేపటికి పైనుంచి పనిముట్ల పెట్టె నేలమీద పెట్టిన చప్పుడైంది.

"లోపల ఎంతమందున్నారండీ?" అని ఓ మగ గొంతు అడిగింది.

"ఒక్కదాన్నే."

"మెకానిక్‌నండీ. కంగారు పడకండి."

"కంగారేం లేదు. అవతల నా గడియారం తిరిగిపోతోంది."

"గడియారం ఆగిపోతే కదండీ కంగారు పడాలి?"

అద్దాలమ్మాయికి ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఫైనల్ సంగతీ అరగంట రూలు సంగతీ గబగబా చెప్పేసింది. పైన స్పానరు చప్పుడు ఓ క్షణం ఆగింది.

"అయితే ఎదటి ఆటగాడికి కబురు పెట్టమంటారా?" అన్నాడు మెకానిక్.

"పెట్టినా లాభం లేదు. కాలు మీద కాలేసుకుని, నా గడియారం చూసుకుంటూ నవ్వుకుంటూ ఉంటాడు."

"ఆయన మీకు తెలుసా?"

"తెలియాలా? గెలవాలని ఆడేవాళ్లందరూ అంతే."

"మీరూ అంతేనా?"

ఆమె కొంచెం ఆలోచించింది. "నేను కాలు మీద కాలు వేసుకోను," అంది.

పైన నవ్వు వినిపించినట్టయింది. ఆ తర్వాత ఆమె, కనబడని ఆ కొత్తాయన్ని నోరారా తిట్టిపోస్తూనే ఉంది. మెకానిక్ ఊఁ కొడుతూ పని చేసుకుంటూనే ఉన్నాడు. మధ్యలో "అవునండీ, అలాంటివాళ్లను నమ్మకూడదు" అని సాయం కూడా పట్టాడు. మూడూ ఇరవయ్యేడుకి లిఫ్టు ఓ మూలుగు మూలిగి రెండడుగులు పైకి జరిగింది. తలుపు సందులోంచి మోచేతి దాకా గ్రీజు పూసుకున్న చెయ్యి లోపలికి వచ్చింది. ఆ చెయ్యి పట్టుకుని ఎగబాకి బయటపడి, థాంక్స్ కూడా చెప్పకుండా హాల్లోకి పరుగు తీసింది.

ఎదటి కుర్చీ ఖాళీగా ఉంది.

"ఇంకో రెండు నిమిషాలైతే ఇద్దరి పేర్లూ కొట్టేసేవాణ్ణి," అన్నాడు మాస్టారు, ఆ అవకాశం పోయిందే అన్నట్టు.

ఆమె బంటును రెండు గళ్లు తోసి గడియారం నొక్కింది. అప్పుడొచ్చాడు అతను. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, పనిముట్ల పెట్టె బల్ల కిందకి తోసి, కుర్చీ లాక్కున్నాడు.

"నమస్తే అండీ," అన్నాడు. "మామూలుగా కూర్చోనా, కాలు మీద కాలేసుకోనా?"

అద్దాలమ్మాయికి చెవులు వేడెక్కాయి. బోర్డు మీదకి తల వంచేసి, ఆ తల మళ్లీ అరగంట దాకా ఎత్తలేదు.

*

ఆట మొదలైన కాసేపటికే ఆమెకు ఒక సంగతి అర్థమైంది. అతను బాగా ఆడతాడు. మామూలు బాగా కాదు. ఆమె రెండు ఎత్తుల ముందు అనుకున్నది అతను మూడు ఎత్తుల ముందే అనుకుని ఉంటాడు. పైగా అతనికో అలవాటుంది. ఏ పావు గడిలో కొంచెం వంకరగా కనబడినా ఊరుకోలేడు. "సర్దుతున్నా" అని చిన్నగా చెప్పి, బోల్టు బిగించినట్టు దాన్ని గడి మధ్యలోకి తిప్పి పెడతాడు.

ఆ మాట అనడం రూలే. చదరంగంలో ఓ పావును ముట్టుకుంటే దాన్నే ఆడాలి. ఊరికే సరిగ్గా నిలబెట్టడానికే అయితే, ముట్టుకునే ముందు "సర్దుతున్నా" అని చెప్పాలి. చెప్పకుండా ముట్టుకుంటే మాస్టారు వదలడు.

ఆ మాట వినబడినప్పుడల్లా అద్దాలమ్మాయికి చిరాకేసేది. ఇంట్లో మేనత్త నోట అదే మాట వినీవినీ ఉంది. కాస్త సర్దుకోవే. ఆడపిల్లవి, సర్దుకుపోవాలి. ఇక్కడికొస్తే ఇక్కడా ఇదే మాట.

ఐదున్నరకి ఆమె పని అయిపోవచ్చింది. ఆమె రాజు మూలకి ఇరుక్కున్నాడు. అతను ఒంటెను ఏటవాలుగా మూడు గళ్లు జరిపితే చాలు, ఇంకో రెండెత్తుల్లో ఆట ఖతం. ఆమె ఆ ఎత్తు చూసింది. అతనూ చూశాడు. చూశాడని ఎలా తెలుసంటే, అతని పెదవి చివర చిన్న నవ్వొచ్చింది. తను ఓడిపోయాననే ఆమె అనుకుంది.

అతని చెయ్యి ముందుకొచ్చింది. వేళ్లు ఒంటె మీద కాకుండా దాని పక్కనున్న బంటు తల మీద వాలాయి.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. నవ్వు పోయింది.

మాస్టారు అప్పుడు అటు తిరిగి పెన్నులో సిరా పోసుకుంటున్నాడు. "సర్దుతున్నా" అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆట మొదలైనప్పట్నుంచి నలభైసార్లు అన్నాడు, నలభై ఒకటోసారి అంటే ఎవరు కాదంటారు? అతను అనలేదు. బంటును ఒక గడి ముందుకి జరిపి గడియారం నొక్కాడు.

ఆ సందులోంచి ఆమె మంత్రి దూరాడు. ఇక అక్కణ్ణుంచి అతని రాజుకి అటోసారి చెక్, ఇటోసారి చెక్. బోర్డు మీద పావుల అమరిక అచ్చం అలాగే మూడోసారి వచ్చేసరికి, రూలు ప్రకారం మాస్టారు వచ్చి గడియారాలు రెండూ ఆపేశాడు.

"డ్రా," అన్నాడు, చేదు మందు మింగినట్టు.

క్లబ్బు గోడ మీద ఓ పెద్ద చెక్క బోర్డుంది. ఏడాదికో గీత, గీతకో విజేత పేరు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఫైనల్ ఒక్కసారి కూడా డ్రా కాలేదు. ఒక గీత మీద ఒక పేరే పడుతుందనీ, మూడు వారాల తర్వాత మళ్లీ ఆడాలనీ మాస్టారు తీర్పు చెప్పాడు.

మెకానిక్ చెయ్యి చాపాడు. అద్దాలమ్మాయి ఆ చెయ్యి అందుకోలేదు.

"ఒంటెను చూశారు కదా?" అని అడిగింది.

"చూశాను."

"మరి బంటునెందుకు ముట్టుకున్నారు?"

"పొరపాటండీ."

"రెండు గంటల్లో ఒక్క పొరపాటు చేయని మనిషి, గెలిచే ఎత్తు దగ్గర చేశాడా? లిఫ్టు వదిలేసి హాల్లోకొచ్చి కూర్చుంటే అప్పుడే గెలిచేవారు. అదీ చేయలేదు. జాలిపడ్డారు కదా?"

అతను పనిముట్ల పెట్టె వైపు చూశాడు. "జాలి కాదు," అన్నాడు.

"నాకు దానాలు అక్కర్లేదు," అని చెప్పి ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది. లిఫ్టు వైపు చూడనైనా చూడలేదు.

*

అద్దాలమ్మాయి అంతలా ఉడికిపోవడానికి ఓ కారణముంది.

ఆమెకు సంబంధాలు చూడడం మొదలుపెట్టి రెండేళ్లయింది. మొదటి పెళ్లికొడుకు షాపు కౌంటరు మీద చదరంగం బోర్డు చూసి, ఒక ఆట వేద్దామా అని సరదా పడ్డాడు. ఇరవై ఎత్తుల్లో ఓడిపోయాడు. ఆ తర్వాత వాళ్లింట్లో ఫోన్ ఎత్తలేదు. రెండో అతనూ అంతే, మూడో అతనూ అంతే. నాలుగో సంబంధానికి మేనత్త ముందే వచ్చి చేతులు పట్టుకుని బతిమాలింది. ఒక్క ఆట ఓడిపోతే ఏం పోతుందే, సర్దుకో అంది. సరేనని ఆమె కావాలనే మంత్రిని వదులుకుని ఓడిపోయింది. ఆ పెళ్లికొడుకు పొంగిపోయి, చదరంగం ఎలా ఆడాలో ఆమెకు గంటసేపు పాఠం చెప్పాడు. ఆ గంటలో ఆమె తన మీద తనే అసహ్యపడినంతగా ఎన్నడూ ఎవరి మీదా పడలేదు. మర్నాడు తనే ఆ సంబంధం వద్దని చెప్పించింది.

కావాలని ఓడిపోవడమంటే ఎదటి మనిషిని మనిషిగా లెక్కచేయకపోవడమేనని ఆమెకు ఆ రోజు తెలిసింది. ఇప్పుడా మెకానిక్ తనకదే చేశాడు. అతను పక్కా ఆటగాడు కావడమే ఆమెను ఇంకా బాధపెట్టింది. ఎవరో అల్లాటప్పా మనిషైతే పట్టించుకునేది కాదు. ఆ రెండు గంటలూ ఆమెకు బోర్డు అవతల ఓ సమానుడు దొరికాడనిపించింది. దొరికినవాడు దానకర్ణుడై కూర్చున్నాడు.

సోమవారం షాపులో ఫ్రేములు తుడుస్తూ నాన్నకు అంతా చెప్పింది. నాన్న ఆమెకు చదరంగం నేర్పిన గురువు కూడా. కౌంటరు మీద ఆ ఆటంతా ఎత్తు ఎత్తుగా పేర్చి చూసుకున్నాడు.

"అమ్మలూ, నువ్వు గెలిస్తే ఏ అబ్బాయీ నిలబడడం లేదు," అన్నాడు చివరికి. "ఓడితే నువ్వు ఊరుకోవు. ఇంక నీ పెళ్లికి మిగిలిన దారి డ్రా ఒక్కటే."

"అది డ్రా కాదు నాన్నా. భిక్ష."

"భిక్ష కాకపోతే?"

కాకపోతే అనే ఆ మాట వారమంతా ఆమెను వదల్లేదు. కాకపోతే ఎంత బావుండును అని కూడా ఒకట్రెండుసార్లు అనుకుంది. అలా అనుకున్నప్పుడల్లా చేతిలో ఉన్న అద్దాన్ని అవసరానికి మించి తుడిచింది.

*

రెండో వారం బుధవారం మధ్యాహ్నం వాన దంచి కొడుతోంది. షాపు తలుపు తోసుకుని, నెత్తిన పనిముట్ల పెట్టె పెట్టుకుని మెకానిక్ లోపలికి వచ్చాడు. బయట బోర్డు మీద ఉన్నది నాన్న పేరు. షాపు ఎవరిదో తెలియక వచ్చాడు పాపం. కౌంటరు వెనక అద్దాలమ్మాయిని చూడగానే వెనక్కి తిరిగాడు. బయట వాన ఇంకా పెద్దదయింది. మళ్లీ ఇటు తిరిగాడు.

"కూర్చో బాబూ," అన్నాడు నాన్న. మనిషెవరో చెప్పకుండానే తెలిసిపోయింది, కూతురు తుడుస్తున్న ఫ్రేము వంగిపోయింది కాబట్టి.

కంపెనీలో ఏటా జరిగే వైద్య పరీక్షకి కంటి సర్టిఫికెట్ కావాలట. ఫారం తెచ్చాడు. అప్పటికే ఒక ముసలాయనకి పరీక్ష నడుస్తోంది. అది అయ్యేదాకా మెకానిక్ బుద్ధిమంతుడిలా బెంచీ మీద కూర్చుని, ముసలాయన తడుముకుంటూ చదివే కార్డు శ్రద్ధగా విన్నాడు.

అతని వంతు వచ్చింది. ఆమె డ్యూటీ గొంతుతో, దూరంగా గోడ మీదున్న అక్షరాలు చదవమంది. అతను చివరి వరస దాకా గడగడా చదివేశాడు. చార్టు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివాడు. ఇవి కళ్లు కావు దుర్భిణీలు అని నాన్న మెచ్చుకున్నాడు. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టెయ్యడానికి ఆమె పెన్ను తీసింది. సంతకం పెట్టేస్తే ఈ మనిషి వెళ్లిపోతాడు, పీడా పోతుంది అనుకుంది. ఎందుకో పెన్ను మూత మళ్లీ పెట్టింది.

"దగ్గర చూపు కార్డు మిగిలింది," అని చేతికిచ్చింది.

అతను కార్డును చేతి దూరంలో పట్టుకుని, తడబడకుండా చదివాడు. "ఉదయాన్నే తోటమాలి మొక్కలకు నీళ్లు పోసి, ఎండిన కొమ్మలను కత్తిరించి..."

"ఆగండి."

"తప్పు చదివానా?"

"తప్పేం లేదు. కాకపోతే ఆ తోటమాలి అవతలి వైపున్నాడు. నేను మీకు కార్డు తిప్పి ఇచ్చాను. ఇటువైపు ఉన్నది రైలు ప్రయాణం."

నాన్నకి ఉన్నట్టుండి వెనక గదిలో పని గుర్తొచ్చింది.

అద్దాలమ్మాయి లేచి కౌంటరు మీది బోర్డులోంచి రెండు పావులు తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఇందులో ఒంటె ఏది?"

అతను చూశాడు. కళ్లు చికిలించాడు. తల కొంచెం వెనక్కి జరిపాడు. "ఇప్పుడు తెలుస్తుందండీ," అన్నాడు నెమ్మదిగా. "దూరంగా జరిగి చూస్తే తెలుస్తుంది. రెండు గంటలు అదే పనిగా దగ్గర చూశాక మాత్రం రెండూ ఒకటే. తల గుండ్రంగా ఉందో, కోసుగా ఉందో కనబడదు. ఏ పావు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని ఆడతాను. ఆ రోజు ఒక గడి తప్పింది."

"చెప్పొచ్చు కదా?"

"మా సీనియర్‌కి కళ్లజోడు వచ్చిందండీ. లిఫ్టు గొయ్యిలోకి దిగొద్దని కుర్చీలో కూర్చోబెట్టారు. స్పేర్ పార్టులు లెక్కపెట్టుకుంటున్నాడు. నాకా గొయ్యి లేకపోతే తోచదు. కళ్లు బాలేవని హాల్లో అందరి ముందూ చెబితే అది కంపెనీకి చేరడం ఎంతసేపు?"

ఆమె అతను తెచ్చిన ఫారం విప్పి, అడుగున ఉన్న గీతల్లో ఒకదాని మీద వేలు పెట్టింది. చూపు సరిగ్గా ఉంది, కళ్లద్దాలతో లేదా కళ్లద్దాలు లేకుండా అని అక్కడ స్పష్టంగా ఉంది. అద్దాలతో సరిపోతే చాలు. ఆ సీనియర్‌కి ఇంకేదో జబ్బు ఉండి ఉంటుంది.

"ఇది మీరు చదవలేదా?" అంది.

"అక్షరాలు మరీ చిన్నవండీ."

అద్దాలమ్మాయికి నవ్వొచ్చింది. ఆపుకుందామని చూసింది, ఆగలేదు. పది రోజులుగా గుండె మీద ఎక్కి కూర్చున్నదేదో ఆ నవ్వుతో దిగిపోయింది. అది భిక్ష కాదు. ఈ మనిషి గెలవడానికే చెయ్యి చాపాడు. నిజంగా పోరాడాడు, నిజంగానే పొరబడ్డాడు. ఆమెకు ఎంత సంతోషమేసిందంటే, అది మొహంలో కనబడకుండా ఉండడానికి అద్దాల పెట్టెలో తల దూర్చాల్సి వచ్చింది.

"ఇంకొక్కటి చెప్పండి," అంది తల అందులోనే ఉంచి. "తప్పు పావు అని తెలిసింది కదా, సర్దుతున్నా అంటే పోయేది. మాస్టారు చూడనే లేదు."

"సర్దడానికి ముట్టుకోలేదు కదండీ. ఆడదామనే ముట్టుకున్నాను."

ఎంతో మామూలుగా అన్నాడు ఆ మాట. ఆమె తల ఎత్తి అతన్ని చూసింది. అతనికి దగ్గర చూపు ఆనదు కాబట్టి, ఆమె ఎలా చూసిందో అతనికి తెలియలేదు. తెలిసి ఉంటే ఈ కథ అక్కడే అయిపోయేది.

"మరి లిఫ్టు? నేను మిమ్మల్నే తిడుతున్నానని తెలిసీ అరగంట కూర్చుని బాగుచేశారు."

"అంత శ్రద్ధగా నన్నెవరూ తిట్టలేదండీ. మధ్యలో వదిలి వెళ్లబుద్ధి కాలేదు."

*

అద్దాలు తనే అరగదీసింది. మామూలుగా రెండు రోజుల పని. దీనికి నాలుగు రోజులు పట్టింది, ఎందుకంటే మూడుసార్లు విప్పి మళ్లీ బిగించింది. ఎదటివాడికి కత్తి నూరి ఇస్తున్నావే అని నాన్న వేళాకోళం చేశాడు. మేనత్త కూడా వచ్చి, ఆ అబ్బాయికి ఆట అయ్యాక ఇవ్వొచ్చుగా, కొంచెం ఆలస్యమైందని చెప్పి సర్దుకో అని సలహా ఇచ్చింది. అద్దాలమ్మాయి ఆ సాయంత్రమే కళ్లజోడు పంపించేసింది. నిజమైన డ్రానో, నిజమైన గెలుపో, నిజమైన ఓటమో, ఏదో ఒకటి నిజమైనది ఆమెకు కావాలి. మసక కళ్లవాణ్ణి గెలిస్తే ఆ పేరు గోడ మీద రాయించుకుని ఏం చేసుకుంటుంది?

మళ్లీ ఆట పెట్టిన ఆదివారం లిఫ్టు బుద్ధిగా నడిచింది. మెకానిక్ ముందే వచ్చి కూర్చున్నాడు. కొత్త కళ్లజోడు ముక్కు మీద ఇంకా కుదురుకోలేదు. ఆమె ఎదురుగా కూర్చోగానే అతను పావులు చూడడం మానేసి ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

"పవర్ తేడాగా ఉందా?" అంది ఆమె.

"సరిగ్గా ఉందండీ. ఇంత దగ్గర్నుంచి మిమ్మల్ని స్పష్టంగా చూడడం ఇదే మొదటిసారి."

"ఆట మీద దృష్టి పెట్టండి."

"అదే కష్టమైపోయింది," అన్నాడు. గోడ వారగా కూర్చున్న నాన్న దగ్గాడు.

ఆ తర్వాత ఎవరూ ఎవర్నీ కనికరించలేదు. అతను ఆమె గుర్రాన్ని తీస్తే ఆమె అతని ఏనుగును తీసింది. అతను ఒంటెతో పొడిస్తే ఆమె మంత్రితో అడ్డుకుంది. ఒకచోట ఆమె గెలుస్తాననుకుంది. ఇంకోచోట అతను గెలుస్తాడని నాన్న కళ్లు మూసుకున్నాడు. నాలుగో గంటలో మంత్రులిద్దరూ పోయారు. ఆఖరి బంటు కోసం ఇద్దరూ ఇరవై ఎత్తులు కొట్టుకున్నారు. చివరికి ఆమె రాజు ఆ బంటును మింగేశాడు. బోర్డు మీద తెల్ల రాజూ నల్ల రాజూ మాత్రం మిగిలారు. అరవై నాలుగు గళ్లలో ఇద్దరే మనుషులు, ఒకరినొకరు ఏమీ చేయలేరు.

మాస్టారు వచ్చి బోర్డును చాలాసేపు చూశాడు. తర్వాత గోడ మీది చెక్కను చూశాడు.

"మళ్లీ ఆడిస్తారా మాస్టారూ?" అని నాన్న అడిగాడు.

"వీళ్లనా? ఎన్నిసార్లు ఆడించినా ఇంతే." మాస్టారు రిజిస్టరు తెరిచి కూర్చున్నాడు. "ఒక గీత మీద రెండు పేర్లు పట్టేలా అక్షరాలు చిన్నవి చేయమని పెయింటరుకి చెబుతాను. చదవాలనుకునేవాళ్లు కళ్లద్దాలు పెట్టుకుంటారు."

అద్దాలమ్మాయి వేళ్లు ఇంకా తన రాజు మీదే ఉన్నాయి. గెలవలేదు. అయినా ఆమెకు అంత నిండుగా ఎప్పుడూ అనిపించలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి, ఆమె ఒక్క రవ్వ కూడా తగ్గాల్సిన పని లేకుండా ఒక మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. అతనూ తగ్గలేదు. ఈ మనిషి కావాలి అనుకుంది. అంత తేటగా అనుకుంది.

అప్పుడు అతని చెయ్యి బోర్డు దాటి వచ్చింది. షేక్‌హ్యాండ్ కోసం అనుకుంది ఆమె. ఆ చెయ్యి వచ్చి, రాజు మీదున్న ఆమె వేళ్ల మీద వాలి అక్కడే ఆగింది. ఈసారి గడి తప్పలేదు.

హాల్లో గడియారాలు రెండూ ఆగిపోయి ఉన్నాయి.

"సర్దుతున్నా అనలేదేం?" అంది ఆమె.

"సర్దడానికి ముట్టుకోలేదు," అన్నాడు అతను.

ఆమె తండ్రి వైపు చూసింది. నాన్న ఒక్కసారి తల ఊపి, తన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అందులో మరకేం లేదు.

"ముట్టుకుంటే ఆడాల్సిందే," అన్నాడు మాస్టారు, రిజిస్టరులోంచి తల ఎత్తకుండానే. "రూలంటే రూలే."

అద్దాలమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇన్నాళ్లూ అతన్ని "మీరు" అన్న పిలుపును పక్కన పెట్టేసింది.

"విన్నావుగా?" అంది. "ఎత్తు నీది."